బస్తాలో ఒక గింజ

బొబ్బిలి గ్రోత్ సెంటర్లో పన్నెండు దాటాక
ఎదురు ఫ్యాక్టరీ ఫెర్రో కొలిమి నోరు తెరుస్తుంది.
వీధి దీపాలు ఒకసారి తల వంచి లేస్తాయి,
మా షెడ్డులో ట్యూబులైటు కూడా.
బల్ల మీద అంకె మాత్రం వంగకూడదు.
మా ఉద్యోగమంతా అదే.

మూడు వందల ఆంపియర్లు.
చుక్క తర్వాత నాలుగు సున్నాలు.
వేలి మందాన రాగి పట్టీలు, నీళ్ల గొట్టాలు,
అయస్కాంతానికి బదులుగా మూల పడుకున్న
ఎర్నమ్మ చుట్టిన తీగచుట్ట.
అసలు అయస్కాంతాన్ని నేను చూడలేదు.
ఎక్కడో నేల కింద గుండ్రటి సొరంగంలో ఉంటుందట,
కంటికానని కణాల్ని మలుపు తిప్పుతుందట,
కరెంటు కాస్త సడలితే
అవి గోడకు కొట్టుకుని పోతాయట.
అన్నీ 'ట'లే.
మా చేతిలో ఉన్నది అంకె ఒక్కటే.

"పది లక్షల్లో ఒక వంతు" అని గవరయ్య గారు చెప్పినప్పుడు
తలకెక్కలేదు.
ఇంటికెళ్లి వెయ్యి వడ్లగింజలు లెక్కపెట్టి
కిరాణా కొట్టు తూకంలో వేయించాను. ఇరవై నాలుగు గ్రాములు.
పది లక్షలంటే పాతిక కిలోల బస్తా, కిలో తక్కువ.
బస్తాలో ఒక గింజ.
వాచ్‌మన్ పోలినాయుడికి చెబితే నవ్వాడు:
"గింజకేటమ్మా ఇంత గోల, పిచిక ఒట్టుకుపోనా తెల్దు."
మాకు తెలుస్తాది తాతా.

ఇనప్పెట్టె లోపల ఇంకో పెట్టె,
అందులో వెచ్చగా, మినపగింజంత డయోడు.
దాన్ని చూసే మిగతావన్నీ తమను దిద్దుకుంటాయి.
మూడేళ్లుగా ఆర్పలేదు.
కొత్తది తెస్తామంటే గవరయ్య గారు ఒప్పుకోరు.
కొత్తవాటికి ఊగిసలాట ఎక్కువ,
ఇది వేడిలో కూచుని కూచుని బుద్ధి నేర్చింది, అంటారు.

సరుకు పంపే ముందు వారం,
రాత్రి మూడుకు పది నిమిషాలుండగా
అంకె మెట్టు దిగింది. నాలుగు గింజలు.
నాలుగుంబావుకి తిరిగి ఎక్కింది.
మర్నాడూ అంతే.

కొలిమి అనుకున్నాం. దానికి వేళాపాళా లేదు.
ఏసీ అనుకున్నాం. నీళ్ల పంపు విప్పి మళ్లీ బిగించాం.
చివరికి నా ఊపిరే అనుకుని
బయటికొచ్చి, అద్దం తలుపు వెనక నిలబడి
నేను లేని గదిని చూశాను.
నేను లేకపోయినా దిగింది.
కొంచెం ఊరట, కొంచెం చిన్నతనం.

నాలుగో రాత్రి, దిగిన నిమిషంలోనే
షెడ్డు చుట్టూ నడిచాను.
మంచు. వేగావతి వైపు నుంచి చలి.
వెనక గోడకు, సరిగ్గా మా కొలత రింగుకు అవతల,
ఆనించి ఉంది పాత సైకిలు,
హ్యాండిలుకు చోడంబలి క్యాను.
పక్కనే, లోపలి వేడికి వెచ్చబడ్డ గోడకు వీపు చేర్చి
చెవులకు తువ్వాలు చుట్టుకుని పోలినాయుడు
నోరు తెరిచి నిద్ర.

మెల్లగా సైకిలు జరిపాను.
స్టాండు కిర్రుమన్నా లేవలేదు.
లోపలికెళ్లి చూస్తే నాలుగు గింజలూ బస్తాలోకి వచ్చేశాయి.
తిరిగి తెచ్చి ఆనిస్తే పోయాయి.
మూడుసార్లు అలా, అర్ధరాత్రి, పరాయి సైకిలు తోస్తూ.

రిపోర్టులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూచున్నాను.
పగలు మామిడితోట కాపలా,
రాత్రి పన్నెండు గంటలు మా గేటు:
వాటికి గడి లేదు.
"గోడ బయట ఇనప వస్తువు. తొలగించడమైనది."
గవరయ్య గారు చదివి
కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.
ఏ వస్తువు అనలేదు. సంతకం పెట్టారు.

పొద్దున సున్నం తెచ్చి
గోడకు మూడు గజాల దూరంలో గీత గీశాను.
"గీత లోపల సైకిలెట్టకు తాతా."
"మరి నానెక్కడుండాల?"
"నువ్వెక్కడున్నా పర్లేదు. ఇనుముతోనే పేచీ."
చాలాసేపు గీతకేసే చూశాడు.

ఆ రాత్రి మూడుకు పది.
ఎదురు కొలిమి మండింది, దీపాలు వంగి లేచాయి,
గోడ అవతల సన్నగా గురక.
అంకె కదల్లేదు.
పోలినాయుడూ కదల్లేదు.